బోర్డు మీద రెండు నీడలు

మా పనిలో బోర్డు ‘రాస్తాం’, బొమ్మ ‘వేస్తాం’. ముప్ఫై ఏళ్ళకి పైగా బోర్డులు రాశాను. ఇప్పుడు పదేళ్ళుగా ఆ బోర్డులకి, అవి వేలాడే కొట్లకి బొమ్మలు వేస్తున్నాను. అనకాపల్లి మెయిన్ రోడ్డులోనో గవరపాలెంలోనో పూడిమడక రోడ్డులోనో, మధ్యాహ్నం మూడున్నరకి కొట్టుకి ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒడిలో అట్ట పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపిస్తే అది నేనే. చాలామంది కొలతలు తీసుకునే మున్సిపాలిటీ మనిషిననుకుంటారు. రోడ్డు వెడల్పు చేసేస్తారేమోనన్న భయంతో ఒకాయన అడక్కుండానే టీ తెప్పించాడు. బొమ్మ వేసుకోవడానికి వచ్చానంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, “ముందే సెప్పొచ్చు కదా బాబూ” అన్నాడు. రెండో టీ రాలేదు.

1980లో పదమూడేళ్ళ వయసులో పనిలో చేరాను. గురువుగారి షెడ్డు అంటే రెండు రేకులు, నాలుగు కర్రలు, లోపలంతా ఎనామిల్ వాసన. మొదటి ఏడాది బ్రష్షు పట్టనివ్వలేదు. సాయంత్రాలు బ్రష్షులు కిరసనాయిల్లో కడగడం, రేకులకి ఎమరీ కాగితం కొట్టడం, టీలు తేవడం. ఖాళీ దొరికితే పాత రేకు ముక్క మీద సుద్దతో ‘ర’ రాయమనేవారు. అన్ని అక్షరాల్లోకీ తేలికైంది అదే కదా అనుకునేవాణ్ణి. ఆ గుండ్రం సమంగా రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో సగానికి నిలువు గీతలుంటాయి, స్కేలు పెట్టుకోవచ్చు. తెలుగులో స్కేలు ఏ అక్షరానికీ పనికిరాదు. చెయ్యి తిరగాల్సిందే.

నా చెయ్యి తిరిగింది మాత్రం ఎన్నికల పుణ్యాన. 1983 జనవరి ఎన్నికలకి ముందు ఊళ్ళో ఖాళీ గోడ మిగల్లేదు. కొత్త పార్టీ, గుర్తు సైకిలు. గురువుగారు అభ్యర్థి పేరు రాసుకుంటూ పోతుంటే వెనకాల నేను సైకిళ్ళు వేసుకుంటూ పోయేవాణ్ణి. సైకిలుకి రెండు చక్రాలు. రోజుకి ఇరవై గోడలంటే నలభై గుండ్రాలు. నెల తిరిగేసరికి కళ్ళు మూసుకుని ‘ఠ’ రాయగలిగాను. ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారో అందరికీ తెలుసు. నాకు మాత్రం తెలుగు అక్షరం గెలిచినట్టనిపించింది. తర్వాత శేషన్‌గారు ఎన్నికల కమిషనర్‌గా వచ్చి గోడ రాతల మీద కొరడా పట్టుకున్నాక, ఐదేళ్ళకోసారి వచ్చే ఆ పండగ మాకు పలచబడింది.

రేకు బోర్డు రాయడం ఎలాగో చెప్తాను, తర్వాత చెప్పేది అర్థం కావడానికి. చెక్క ఫ్రేముకి రేకు బిగించి ముందు రెడ్ ఆక్సైడ్ కొడతాం. ఆరాక రెండు పూతలు గ్రౌండ్ రంగు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు. సుద్ద పట్టించిన నూలు దారాన్ని ఇద్దరం చెరో కొసా పట్టుకుని లాగి వదిలితే గీత పడుతుంది. ఇంగ్లీషుకి రెండు గీతలు చాలు. తెలుగుకి నాలుగు కావాలి. పైన గుళ్ళకీ ఏత్వాలకీ ఒక పట్టీ, మధ్యలో అక్షరం ఒళ్ళు, కింద ఒత్తులకి ఇంకో పట్టీ. పేరులో ‘లక్ష్మీ’ వచ్చిందంటే కింది పట్టీ పెంచాలి. అది పెరిగితే అక్షరం ఒళ్ళు తగ్గుతుంది. అది తగ్గితే దూరం నుంచి కనబడదు, కొట్టాయన ఒప్పుకోడు. గుడ్డ బేనర్లకి అప్పట్లో అక్షరం లెక్కన డబ్బులు. ‘క్ష్మీ’ని ఒక్క అక్షరం కిందే కట్టేవారు. అందులో కకారం ఉంది, షకారం ఉంది, మకారం ఉంది, పైన గుడి దీర్ఘం కూడా ఉంది మహాప్రభో అంటే, “పలికేటప్పుడు ఒకటే కదేటి” అనేవారు. ఒత్తులన్నీ ఉచితంగానే రాశాను జీవితమంతా.

ఇంకో చిక్కు వెడల్పు. ‘ర’ సన్నం, ‘ఘ’ లావు, ‘ఝ’ వచ్చిందంటే ఇద్దరి చోటు తనే ఆక్రమిస్తుంది. అందుకని అక్షరాలు లెక్కపెట్టి చోటు పంచితే కుదరదు. ముందు మొత్తం సుద్దతో తేలిగ్గా రాసుకుని, నడిమి గుర్తు పెట్టుకుని, అటూ ఇటూ సర్దుకుని అప్పుడు బ్రష్షు ముంచాలి. నేను ఒకసారి ఇది చెయ్యలేదు.

అది 1984. కొత్త అమావాస్యకి వారం ముందు. నూకాలమ్మ జాతరంటే మా ఊళ్ళో కొట్లన్నీ మొహం కడుక్కునే రోజులు. మాకు నిద్ర ఉండేది కాదు. గురువుగారు ఇంకో బోర్డు మీదుండి, పది అడుగుల కిరాణా కొట్టు బోర్డు కింది వరస నాకు అప్పజెప్పారు. ‘కిరాణా అండ్ ఫ్యాన్‌సీ’. తొందరలో సుద్ద వేయకుండా ఎడమ నుంచి మొదలుపెట్టేశాను. ‘కిరాణా’ దర్జాగా వచ్చింది. ‘అండ్’ దగ్గర అనుమానం వచ్చింది. ‘ఫ్యాన్’ దగ్గర చెమటలు పట్టాయి. చివరి ‘సీ’కి మిగిలింది నాలుగు వేళ్ళ చోటు. అందులో దాన్ని నిలువుగా, పీలగా, జాతర రద్దీలో బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషిలా ఇరికించాను. గురువుగారు వచ్చి చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, “ఏట్రా, అక్షరం ఊరు దాటి పోతంది” అన్నారు. తుడిచి మళ్ళీ రాసే వ్యవధి లేదు. మూలన ఎప్పటిలాగే తన సంతకం, పేరు పక్కన ‘ఆర్ట్స్’, రాసి ఇచ్చేశారు. తప్పు నాది, సంతకం ఆయనది. ఇరవై ఏళ్ళ పాటు ఆ రోడ్డున పోవాల్సివస్తే సైకిలు పక్క సందులోంచి తిప్పుకునేవాణ్ణి.

ఫ్లెక్సీ మా ఊరికి 2000 దాటాక వచ్చింది. మొదట సినిమావాళ్ళకి, పార్టీలవాళ్ళకి. తర్వాత కొట్లకి. నేను రెండు రోజులు కష్టపడే బోర్డుని మిషను గంటలో కక్కేస్తుంది, చదరపు అడుగుకి నా రంగు ఖర్చు కూడా రాని ధరకి. దాంట్లో దేవుడి బొమ్మ, కొట్టాయన ఫోటో, చనిపోయిన తండ్రి ఫోటో, సబ్బుల కంపెనీ గుర్తు అన్నీ పడతాయి. అక్షరాలు అను ఫాంటుల్లోంచి నాలుగైదు రకాలు. బంగారం కొట్టుకీ అదే అక్షరం, ఎరువుల కొట్టుకీ అదే, దినకర్మ బేనర్‌కీ అదే. అంతకు ముందు అనకాపల్లిలో ఏ బోర్డు ఎవరి చేతిదో దూరం నుంచి చెప్పేవాణ్ణి. ఒకాయన తలకట్టు కొడవలిలా వంచేవాడు, ఒకాయన ‘శ్రీ’కి తోక ఒత్తు చుట్టూ తిప్పి తెచ్చేవాడు, బాపుగారి అక్షరాలంటే పిచ్చి ఉన్న కుర్రాడొకడు పాల డైరీకి కూడా ఆ వంపుల్లోనే రాసేవాడు. ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టారు. ఒకరు ఆటో తీసుకున్నారు. ఒకరు ఫ్లెక్సీ షాపులోనే చేరి గ్రోమెట్లు కొట్టేవారు. నేను బడి గోడల మీద దేశ పటాలు, లారీల వెనక ‘హారన్ ప్లీజ్’లు, బళ్ళ నంబరు ప్లేట్లతో నెట్టుకొచ్చాను. ఆ నంబరు ప్లేట్లని కూడా రేడియం స్టిక్కరు మింగేసింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది గానీ గాలి మా ఊరినీ వదల్లేదు. సోమవారం పొద్దున రోడ్డెక్కితే చెట్లు, స్తంభాలు, రేకులు. ఊళ్ళో ఫ్లెక్సీలన్నీ చీలికలై కరెంటు తీగలకి వేలాడుతున్నాయి. మెయిన్ రోడ్డులో తల పైకెత్తి నడుస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. రెండు నిమిషాలకి అర్థమైంది. ఫ్లెక్సీలు బిగించేటప్పుడు ఎవరూ పాత బోర్డులు దింపలేదు, ఆ చెక్క ఫ్రేముకే మేకులు కొట్టేశారు. గాలి పై పొర ఒలిచేసింది. కింద నుంచి పాత ఊరు బయటపడింది. నాలుగంకెల ఫోన్ నంబర్లు, పసుపు మీద నల్లటి ఎస్.టి.డి.-ఐ.ఎస్.డి. అక్షరాలు, వెలసిపోయిన వనస్పతి డబ్బా. పోయిన మనుషుల చేతిరాతలు. గురువుగారు అప్పటికి పోయి ఆరేళ్ళు. ఆయన ‘శ్రీ’లు నేను ఏడు లెక్కపెట్టాను.

నా ‘సీ’ కూడా బయటపడింది. తప్పించుకోవడానికి ఆ రోజు పక్క సందు లేదు, చెట్టు పడి మూసుకుపోయింది.

కొట్టాయన మెట్ల మీద నీళ్ళు తోడుకుంటున్నాడు. చిన్నప్పట్నుంచీ తెలుసు గనక బాబాయ్ అంటాను. నన్ను చూసి, “ఒరే, నీ బోర్డు సచ్చినా ఊడలేదురా. ఇంకో పదేళ్ళకి అక్కరకొచ్చీసింది సూడు” అన్నాడు. పది రోజుల్లో కొత్త ఫ్లెక్సీ వేస్తాడని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కరెంటు లేని ఆ రోజుల్లో వేరే పని లేదు. బడి గోడలకి కొన్న రంగులు కొన్ని ఉన్నాయి, ఒక ప్లైవుడ్ ముక్క ఉంది. ఫ్లెక్సీ మళ్ళీ ఎక్కేలోపు ఆ కొట్టు బొమ్మ వేద్దామని కూర్చున్నాను.

బోర్డు రాసేవాడికి బోర్డు బొమ్మ వేయడం ఎంత పని అనుకున్నాను. మూడు రోజులు కష్టపడితే అది బొమ్మ కాలేదు, ఇంకో బోర్డు అయింది. ఎందుకో తెలియక చాలా తన్నుకున్నాను. నా చెయ్యి కన్ను మాట వినదు, చదువు మాట వింటుంది. ‘కి’ కనబడగానే చెయ్యి తనకి తెలిసిన ‘కి’ రాసేస్తుంది. అక్కడున్నది పక్కకి వాలి, కింద సగం మసి పట్టి, తుప్పు కారి, రంగు పెచ్చులూడిన ‘కి’. దాన్ని నా చెయ్యి సరిదిద్దేస్తోంది. వేరేవాళ్ళ తప్పులే కాదు, నా ఇరికింపు ‘సీ’ని కూడా నాకు తెలియకుండానే కాస్త వెడల్పు చేసేసింది. ముప్ఫై ఏళ్ళ కింద చేయాల్సిన దిద్దుబాటు అది. అప్పుడు చేయలేదు, ఇప్పుడు చేస్తే అబద్ధం.

దీనికి మందు హోర్డింగుల రోజుల్లోంచే దొరికింది. సినిమా బొమ్మలు పెంచేటప్పుడు చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, గోడ మీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కో గడినే చూస్తూ వేసేవాళ్ళం. అది హీరో ముక్కో హీరోయిన్ భుజమో పట్టించుకోకూడదు. ఇక్కడా ఫోటో తీయించి గళ్ళు గీశాను. దాన్ని తలకిందులు చేసి పెట్టుకున్నాను. తలకిందులైతే అక్షరం చదవబడదు. చదవబడని అక్షరం మచ్చగా కనిపిస్తుంది, గీతగా కనిపిస్తుంది, రంగుగా కనిపిస్తుంది. అప్పుడు వేయగలిగాను. అక్షరాలు నేర్చుకోవడానికి నాలుగేళ్ళు, మరవడానికి రెండేళ్ళు పట్టిందంటే నా మనవరాలు నవ్వుతుంది.

రెండో పాఠం నీడలది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఎండలో కూర్చుంటే తట్టింది. మేం అక్షరానికి ‘షేడు’ కొడతాం. ఎర్రటి అక్షరానికి కుడి పక్కన, కింద, నల్లటి మందం. అక్షరం రేకులోంచి పైకి లేచినట్టు కనబడాలి. వెలుతురు ఎప్పుడూ ఎడమ పైనుంచే వస్తున్నట్టు లెక్క. పొద్దున, మధ్యాహ్నం, అర్ధరాత్రి, ఎప్పుడూ. ఇప్పుడు అదే బోర్డు మీద నిజం నీడ కూడా పడుతుంది: పైనున్న సన్‌షేడుది, కరెంటు తీగలది, పక్క కొట్టు మేడది. మధ్యాహ్నం నాలుగింటికి మెయిన్ రోడ్డులో పడమర ఎండ కుడి నుంచి కొడుతుంటే రాసిన నీడ ఒకవైపు, పడిన నీడ ఇంకోవైపు పోతాయి. ఒక నీడ రంగుతో చేసింది, కదలదు. ఇంకోటి కదులుతుంది, రంగు లేదు. రెండూ ఒకే నల్లటి రంగుతో వేస్తే బొమ్మ చచ్చిపోతుంది. రాసిన నీడ నలుపు, అది కూడా ఎండకి బూడిదయిన నలుపు. పడిన నీడలో బోర్డు పసుపు కాస్త ముదురుతుందంతే. అందులో ఆకాశం నుంచి పడిన వెలుతురు కొంచెం నీలంగా కూడా ఉంటుంది. ఈ రెండు నీడల మధ్య తేడా పట్టుకున్న రోజు నుంచే నావి బొమ్మలయ్యాయనుకుంటాను. అందుకే మూడున్నర నుంచి నాలుగుంబావు దాకానే కూర్చుంటాను. తర్వాత నీడ బోర్డు మీద నుంచి తప్పుకుంటుంది.

ఫోన్‌లో తీసిన ఫోటో ఈ పనికి సగమే పనికొస్తుంది. ఫోను నీడని లేతగా చేసేస్తుంది, ఎండని తెల్లగా చేసేస్తుంది, దగ్గర్నుంచి తీస్తే బోర్డు అంచులు విల్లులా వంగుతాయి. గీతలకి ఫోటో, రంగులకి స్టూలు. ఇదే నా పద్ధతి.

2017 ప్రాంతంలో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివే మా పక్కింటి కుర్రాడు నా బొమ్మలు చూసి, “మావయ్యా, అచ్చం ఇలాంటివే వేసినవాళ్ళున్నారు” అని లైబ్రరీ పుస్తకాలు తెచ్చి చూపించాడు. నా గుట్టు ఎవరో ముందే రట్టు చేసేశారన్న కోపం వచ్చింది మొదట. రిచర్డ్ ఎస్టెస్ అని 1932లో పుట్టిన అమెరికా ఆయన, న్యూయార్కు కొట్ల అద్దాలు, ఆ అద్దాల్లో ఎదుటి రోడ్డు, ఆ రోడ్డులో కార్లు, వాటి మీద మళ్ళీ మెరుపులు. 1967 నాటి ఫోన్ బూతుల బొమ్మొకటి ఉంది. ఫోటో కాదని నమ్మడానికి నాకు భూతద్దం కావాల్సి వచ్చింది. ఆయన ముందు పత్రికలకీ ప్రకటనల కంపెనీలకీ పనిచేశాడట. రాబర్ట్ కాటింగ్‌హామ్ అనే ఇంకొకాయన నియాన్ బోర్డులని కింద నుంచి తలెత్తి చూసినట్టు వేశాడు, అక్షరాల ముక్కలు, గాజు గొట్టాలు, వాటి నీడలు. ఆయనా ప్రకటనల కంపెనీ మనిషే. అప్పుడు కోపం పోయింది. మా బాపతే అన్నమాట.

ఎడ్వర్డ్ హాపర్‌ది 1930 నాటి బొమ్మ, ఆదివారం పొద్దున ఎవరూ లేని ఎర్రిటుకల కొట్ల వరస, అందరూ గొప్పదంటారు. వెలుతురు గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ కిటికీల మీద కొట్ల పేర్లు చదవబడవు, అలా అలా మెదిపేశాడు. బోర్డు రాసినవాడిగా నాకది మింగుడుపడదు. పేరు ఉన్నచోట పేరు ఉండాలి కదా.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించినవాడు మన దేశంవాడే. బరోడాలో భూపేన్ ఖక్కర్. అకౌంటెంటుగా ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేశాడు. 1972లో వాచీలు బాగుచేసే కొట్టు, దర్జీ కొట్టు వేశాడు, బోర్డుల్తో సహా. ‘జనతా వాచ్ రిపేరింగ్’, ‘డీలక్స్ టైలర్స్’. అవి ఫోటోల్లా ఉండవు, మన సైన్‌బోర్డు ఆర్టిస్టు బొమ్మల్లాగే కాస్త బిగుసుకుని ఉంటాయి, అది కావాలనే. 2016లో లండన్ టేట్ మోడర్న్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగిందని చెప్పాడు కుర్రాడు. ఒక వాచీల కొట్టు లండన్ దాకా వెళ్ళింది కదా అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఎస్టెస్ దారి మన ఊళ్ళో నడవదు. ఆయనది అద్దాల ఊరు. సరుకు లోపల ఉంటుంది, బయటివాడు అద్దంలో తన మొహం చూసుకుంటాడు. మన కొట్టుకి అద్దం ఎక్కడిది? సరుకే రోడ్డు మీదకి వస్తుంది. షాంపూ పేకెట్ల దండలు, చీపురు కట్టలు, అరటి గెల, ప్లాస్టిక్ బిందెల గోపురం, వీటి సందుల్లోంచి బోర్డు తొంగి చూస్తుంది. పాత కొట్లకి షట్టరు కూడా ఉండదు, నిలువు చెక్క పలకలు. ఏ పలక ఏ గాడిలో పడాలో తెలియడానికి వాటి మీద అంకెలు. ఆ అంకెలు రాసింది కూడా మేమే, బోర్డుతో పాటు కొసరుగా. ఇప్పుడు బంగారం కొట్లకీ ఫోన్ల షాపులకీ అద్దాలొచ్చాయి. వాటిల్లో ఎదుటి కిరాణా కొట్టు ప్రతిబింబం పడుతుంది. రెండు అలాంటివి వేశాను. తెలుగు అక్షరం అద్దంలో ఎడంపక్కకి తిరిగితే ఎలా ఉంటుందో చూడాలంటే రండి, ‘అ’ ఎంత వింతగా ఉంటుందో.

బెల్లం మార్కెట్ వేయడం వేరే కథ. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మాది ఒకటి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా దిమ్మలు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి, తూకాలు చూసే కొలగార్లు, వర్తకులు మధ్యలో తిరుగుతుంటారు. బెల్లంలో రంగుని బట్టే ధర. మేలిరకం లేత బంగారం, తర్వాతిది ఇటుక, ఆఖరుది నల్ల బెల్లం. పసుపు మట్టి రంగులో కొంచెం ఎరుపు కలిపితే బెల్లం వచ్చేస్తుందనుకున్నాను. వచ్చింది మట్టి. బెల్లానికి లోపల్నుంచి ఒక మెరుపుంటుంది, వెలుతురు కొంచెం లోపలికి వెళ్ళి తిరిగొస్తుంది. పలచటి పూతలు ఒకదాని మీద ఒకటి ఆరాక వేస్తే గానీ ఆ తడి రాలేదు. ఒక కొలగారాయన వచ్చి బొమ్మలో దిమ్మలు చూసి, “ఈ వరసలోది హైడ్రోసు కొట్టిన బెల్లమండి, అంత తెలుపు ఊరికే రాదు” అన్నాడు. నిజమే, ఆ దిమ్మలు వేసిన రోజు నేను గమనించకుండా ఉన్నదున్నట్టు వేశాను. ఇంతకంటే మంచి విమర్శ నాకెవరూ రాయలేదు.

ఉన్నదున్నట్టు అన్నది కొట్లవాళ్ళకి గిట్టదు. తుప్పు ఎందుకు వేశావంటారు. దిష్టి గుమ్మడికాయ కుళ్ళి కారుతోంది, తాజాది వేయమంటారు. మెట్ల మీద పడుకున్న కుక్కని లేపేయమంటారు. ఒక మందుల షాపాయన పక్క షాపు బోర్డు తీసేసి తనదే పెద్దది చేయమన్నాడు, అదనంగా ఇస్తానన్నాడు కూడా. నేను బోర్డులు రాసిన రోజుల్లో అయితే అడిగినట్టే చేసేవాణ్ణి, అది ఆయన బోర్డు. ఇది నా బొమ్మ. ఈ ఒక్క మాట అనడానికి నోరు రావడానికి చాలా కాలం పట్టింది. ఇంకో పక్క, ఒక నగరంలో ఒక గ్యాలరీ ఆయన నా బొమ్మలు రెండు నిమిషాలు తిరగేసి ఇది కమర్షియల్ ఆర్ట్ కదా అని ఇచ్చేశాడు. కొట్టువాడికి మరీ నిజం, గ్యాలరీవాడికి మరీ కొట్టు. మధ్యాహ్నం రైలెక్కి వచ్చేశాను.

బోర్డుల వయసు చెప్పడం నాకు ఆటగా మారింది. ఫోన్ నంబర్‌లో ఎన్ని అంకెలున్నాయి, ముందు 08924 ఉందా లేదా, ‘టిన్’ నంబర్ ఉందా జీఎస్టీ ఉందా. టిన్ అంటే 2005 తర్వాత, జీఎస్టీ అంటే 2017 జులై తర్వాత. ‘విశాఖ జిల్లా’ అని ఉంటే 2022 ఏప్రిల్ 4కి ముందుది. ఆ రోజు నుంచి మేమే జిల్లా. ఆ నెల ఊళ్ళో అక్షరాలు మార్చే పని చాలా జరిగింది, స్టిక్కర్లతోనే అనుకోండి. ఊరి పేరు చివర ‘లె’నా ‘లి’నా అన్నది మాత్రం ఏ కాలానిదో చెప్పలేం. రెండూ ఎప్పుడూ ఉన్నాయి, ఒకే కొట్టు బోర్డు మీద ఒకటి, బిల్లు మీద ఇంకోటి.

అదే ఏడాది ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామన్నారు. నవంబర్ 1 నుంచి అన్నారు. ఆటో తోలుతున్న పాత మిత్రుడు ఫోన్ చేసి, బ్రష్షులు ఉన్నాయా పారేశావా అనడిగాడు. ఇద్దరం కలిసి గడ్డకట్టిన బ్రష్షులు టర్పెంటైన్‌లో నానేశాం. తర్వాత గడువు జనవరి 26కి జరిపారు. ఆ తర్వాత ఏమైందో మీరు ఏ రోడ్డులో నిలబడి చూసినా తెలుస్తుంది. బ్రష్షులు మాత్రం మెత్తబడ్డాయి.

అయితే నేను ఫ్లెక్సీని తిట్టుకుంటూ కూర్చోను. ఉన్న ఊరిని వేస్తానన్నవాడు ఫ్లెక్సీని వదిలేస్తే ఎలా? ఎండకి ఎరుపూ పసుపూ ముందు ఎగిరిపోయి నీలం మిగులుతుంది. ఆరు నెలల ఫ్లెక్సీలో నాయకులందరూ నీలమేఘశ్యాములే. ఆ నీలి మొహాలు, మడతల్లో చీలిన చిరునవ్వులు, వెనక నుంచి వెలుతురు పడితే అడ్డంగా కనబడే చెక్క ఫ్రేము. వేయడానికి చాలా బాగుంటాయి. చేతిరాత బోర్డు బొమ్మ చూసి ఆహా అన్నవాళ్ళు ఫ్లెక్సీ బొమ్మ చూసి మొహం తిప్పుకుంటారు. నా లెక్కలో పని రెండిట్లోనూ ఒకటే.

ఆ మొదటి కొట్టు బొమ్మని, ప్లైవుడ్ మీద చెడిపోయినదాన్ని, పోయినేడు మళ్ళీ వేశాను. ఈసారి కేన్వాసు, నూనె రంగులు, నాలుగు అడుగుల వెడల్పు. హుద్‌హుద్ తర్వాత తీయించిన ఫోటోలు ఉన్నాయి, పాత బోర్డు ఫ్లెక్సీ వెనక ఇంకా ఉంది గనక బాబాయ్ ఒక మధ్యాహ్నం ఫ్లెక్సీ ఒక కొస విప్పి పైకి మడిచి పట్టుకున్నాడు, రంగులు సరిచూసుకునేదాకా. నాలుగు వేళ్ళ చోటులో ‘సీ’ వేయడానికి పదకొండు రోజులు పట్టింది. 1984లో అయితే అర నిమిషం పట్టి ఉంటుంది. పీలగానే వేశాను. దాని గుడి దీర్ఘం ఫ్రేముకి తగిలి రంగు ఊడిన చోటు కూడా వేశాను. కుడి మూలన గురువుగారి సంతకం, ‘ఆర్ట్స్’తో సహా, ఆయన చెయ్యి ఎలా వణికిందో అలాగే.

బొమ్మ ఇచ్చినప్పుడు బాబాయ్ చూసి, “మరి నీ పేరేదిరా?” అన్నాడు. కేన్వాసు వెనక పెన్సిలుతో రాసింది చూపించాను. “వెనకాల ఎవడు సూస్తాడు” అని గొణుక్కున్నాడు.

గల్లాపెట్టె వెనక గోడకి మేకు కొట్టి తగిలించాడు. మొన్న ఉప్పు కొనడానికి వెళ్తే బొమ్మకి అడ్డంగా షాంపూ పేకెట్ల దండ వేలాడుతోంది, సరిగ్గా ‘సీ’ మీద. నన్ను చూసి దండని చేత్తో పక్కకి జరిపి, “ఇదిగో, మీవోడు ఇక్కడే ఉన్నాడు” అన్నాడు. చిల్లర లెక్కపెట్టడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి దండ వదిలేశాడు.